ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిందా? చేరే ముందు ఇవి తెలుసుకోండి.. ఆర్జీయూకేటీలో ఆరేళ్ల చదువు, హాస్టల్ జీవితం ఎలా ఉంటాయంటే!

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు.. ఊళ్లల్లో ఒకటే చర్చ. 'మీ అమ్మాయికి ట్రిపుల్ ఐటీలో సీటొస్తుందా?' అని. ముఖ్యంగా జెడ్పీ హైస్కూల్లో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలున్న ఇళ్లల్లో ఈ ప్రశ్న తప్పనిసరి. సీటొస్తే సంబరమే. కానీ ఆ తర్వాత ఏంటి? పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి వెళ్లిన పిల్లలు బీటెక్ పట్టాతో తిరిగొచ్చేసరికి ఇరవై ఒకటో ఏడు వస్తుంది. ఆ ఆరేళ్లు అక్కడ ఎలా గడుస్తాయి? చదువు ఎలా ఉంటుంది? ఎవరికి ఇది సరిపోతుంది, ఎవరికి సరిపోదు? పూర్తి వివరాలు ఇవీ..

ముందు పేరు గందరగోళం తీర్చుకోవాలి

జనం 'ట్రిపుల్ ఐటీ' అని పిలిచేది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని. అంటే ఆర్జీయూకేటీ. దీన్ని 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి. గ్రామీణ ప్రాంతాల్లోని తెలివైన పిల్లలకు మంచి సాంకేతిక విద్య అందాలన్నది దీని ఉద్దేశం. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న ప్రొఫెసర్ రాజ్ రెడ్డి ఈ యూనివర్సిటీకి ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆయన కూడా చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లె నుంచి వెళ్లినవారే.

హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ వేరు. అది 1998లో మొదలైంది. శ్రీసిటీలోని ట్రిపుల్ ఐటీ, కర్నూలులోని ట్రిపుల్ ఐటీడీఎం కూడా వేరే సంస్థలు. వాటిలో బీటెక్ చేరాలంటే ఇంటర్ తర్వాత జేఈఈ వంటి పరీక్షలు రాయాలి. ఆర్జీయూకేటీకి మాత్రం పదో తరగతి అవ్వగానే వెళ్లొచ్చు. ఎంట్రన్స్ లేదు, పది మార్కులే ఆధారం. ఈ తేడా తెలియక ప్రతి ఏటా చాలామంది తికమక పడుతుంటారు.

క్యాంపస్‌లు ఎక్కడెక్కడ?

మొదట మూడు క్యాంపస్‌లు వచ్చాయి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర. 2014లో రాష్ట్ర విభజనతో బాసర తెలంగాణకు వెళ్లింది. ఏపీలో నూజివీడు, ఇడుపులపాయకు తోడు 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు మొదలయ్యాయి. తెలంగాణలో 2025లో మహబూబ్‌నగర్‌లోనూ క్లాసులు మొదలుపెట్టారు.

ఏపీ క్యాంపస్‌లు ఒక్కోదాంట్లో సుమారు 1,000 సీట్లుంటాయి. ఈడబ్ల్యూఎస్ కోటా కింద మరో 100 అదనం. బాసరలో ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం 1,500 సీట్లు, మహబూబ్‌నగర్‌లో తొలి ఏడాది 180 సీట్లు.

ఇవేవీ నగరం నడిబొడ్డున లేవు. బాసర గోదావరి ఒడ్డున, సరస్వతీ అమ్మవారి గుడి ఉన్న ఊరు. నిర్మల్ జిల్లాలో ఉన్నా, రైల్లో వెళ్లేవారికి నిజామాబాద్ దగ్గర. ఇడుపులపాయ కడప జిల్లా వేంపల్లి దగ్గర, కొండల నడుమ ఉంటుంది. నూజివీడు మామిడి తోటలకు పేరు. శ్రీకాకుళం క్యాంపస్ ఎచ్చెర్లలో ఉంటుంది. సిటీ లైఫ్ ఊహించుకుని వెళ్తే మొదటి వారమే నిరాశ తప్పదు. గేటు బయట మాల్స్, మల్టీప్లెక్స్‌లు ఉండవు. ఎక్కువ కాలం గడిచేది క్యాంపస్ లోపలే.

సీటు ఎలా ఇస్తారు?

పదో తరగతిలో వచ్చిన మార్కులు లేదా గ్రేడ్ల మెరిట్ ప్రకారం, రిజర్వేషన్లు పాటిస్తూ సీట్లు కేటాయిస్తారు. పది మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. సప్లిమెంటరీలో పాసైన వారికి అవకాశం ఉండదు. దివ్యాంగులు, స్పోర్ట్స్, ఎన్‌సీసీ, సైనిక ఉద్యోగుల పిల్లలకు ప్రత్యేక కోటాలున్నాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి కొంత అదనపు స్కోరు కలుపుతారు. దీన్ని 'డిప్రైవేషన్ స్కోర్' అంటారు. ఏపీలో ఇది 4 శాతం. తెలంగాణలో గ్రేడ్ల విధానం ఉన్నప్పుడు జీపీఏకు 0.4 కలిపేవారు. వసతులు లేని బడిలో చదివి తెచ్చుకున్న మార్కుల వెనుక కష్టం ఎక్కువ అన్నది దీని వెనుక ఆలోచన. అయితే ఏయే బడులు ఈ జాబితాలోకి వస్తాయో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కచ్చితంగా చూసుకోవాలి. హాస్టల్ ఉన్న ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలు ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇద్దరికి ఒకే స్కోరు వస్తే ముందు గణితం, తర్వాత సైన్స్.. ఇలా సబ్జెక్టుల వారీగా పోల్చి చూస్తారు. అందుకే మొత్తం మార్కులు ఒక్కటే అయినా లెక్కల్లో ఒకటి రెండు మార్కులు తగ్గితే సీటు చేజారే పరిస్థితి ఉంటుంది.

2 + 4: ఆరేళ్ల లెక్క ఇదీ

మొదటి రెండేళ్లు పీయూసీ. అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు. ఇది ఇంటర్మీడియట్‌తో సమానం. తర్వాత నాలుగేళ్లు బీటెక్. మధ్యలో మళ్లీ ఎంసెట్ లాంటి పరీక్ష రాయక్కర్లేదు, కౌన్సెలింగ్ కోసం తిరగక్కర్లేదు. పీయూసీ పూర్తిచేసిన వాళ్లు అదే క్యాంపస్‌లో బీటెక్‌లోకి వెళ్తారు. చాలామంది తల్లిదండ్రులకు నచ్చేది ఇదే.

కానీ ఒక మెలిక ఉంది. బీటెక్‌లో ఏ బ్రాంచ్ వస్తుందన్నది పీయూసీలో వచ్చిన సీజీపీఏ మీదే ఆధారపడుతుంది. కంప్యూటర్ సైన్స్, ఈసీఈకి పోటీ ఎక్కువ. ఆ తర్వాత ఈఈఈ, మెకానికల్, సివిల్, కెమికల్, మెటలర్జీ లాంటివి ఉంటాయి. అన్ని క్యాంపస్‌లలో అన్ని బ్రాంచ్‌లూ ఉండవు. 'ఎలాగూ బీటెక్ సీటు గ్యారంటీ కదా' అని పీయూసీని తేలిగ్గా తీసుకున్నవాళ్లు, బ్రాంచ్‌లు ఇచ్చే రోజు బాధపడతారు. ఎంట్రన్స్ లేదంటే పోటీ లేదని కాదు. ఆ పోటీ ఒక్కరోజు పరీక్షలో కాకుండా రెండేళ్ల పాటు ప్రతి సెమిస్టర్‌లో ఉంటుంది.

రెండేళ్ల తర్వాత బయటకు వెళ్లాలనుకుంటే ఆ దారి కూడా ఉంది. పీయూసీ సర్టిఫికెట్‌తో ఇతర కాలేజీల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ ప్రవేశాలకు ప్రయత్నించవచ్చు. మధ్యలో మానేయాలంటే మాత్రం సర్టిఫికెట్లు, ఫీజుల విషయంలో నిబంధనలుంటాయి. అవేంటో అడ్మిషన్ రోజే అడిగి తెలుసుకోవాలి.

అందరూ టాపర్లే.. మరి వెనకబడేది ఎవరు?

కొత్తగా చేరిన పిల్లలకు తగిలే మొదటి దెబ్బ ఇదే. ఊళ్లో, బడిలో, మండలంలో ఫస్ట్ వచ్చిన పిల్లలంతా ఒకేచోట చేరతారు. వెయ్యిమంది టాపర్ల మధ్య ఎవరో ఒకరు వెయ్యో స్థానంలో ఉండక తప్పదు. నిన్నటి దాకా పేపర్లో ఫొటో వేయించుకున్న పిల్లాడికి మొదటి పరీక్షలో ఇరవైకి ఏడొస్తే తట్టుకోవడం కష్టం. ఇంట్లో చెప్పడం ఇంకా కష్టం.

దీనికి తోడు భాష. బోధన అంతా ఇంగ్లీష్‌లోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఫిజిక్స్ లెక్క తెలుసు, కానీ ప్రశ్న అర్థం కాదు. 'త్వరణం' అంటే చెప్పేస్తారు, అదే 'యాక్సిలరేషన్' అంటే ఆగిపోతారు. ఇది తెలివి తక్కువై కాదు, పదం కొత్తదై. మొదటి సెమిస్టర్ గడిచేసరికి చాలామంది గాడిలో పడతారు. పది పరీక్షలు రాశాక క్లాసులు మొదలయ్యేలోపు ఖాళీ సమయం ఉంటుంది. ఆ రోజుల్లో గణితం, సైన్స్ పుస్తకాలను ఇంగ్లీష్ మీడియంలో ఒకసారి తిరగేసి, ముఖ్యమైన పదాలు రాసుకుంటే సగం భయం పోతుంది. కొత్త పాఠాలు ముందే నేర్చుకోవాల్సిన పని లేదు. తెలిసిన పాఠమే ఇంగ్లీష్‌లో చదివితే చాలు.

వారం వారం పరీక్షలు, మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు.. ఇలా ఏడాది పొడవునా మూల్యాంకనం ఉంటుంది. ఫెయిలైన సబ్జెక్టులకు రెమీడియల్, సప్లిమెంటరీ పరీక్షలు రాసుకోవచ్చు. ఒక సబ్జెక్టు పోతే జీవితం పోయినట్టు కాదని పిల్లలకు ముందే చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.

రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే లేవడం, స్నానానికి క్యూ, మెస్‌లో టిఫిన్, క్లాసులు, లంచ్, మళ్లీ క్లాసులు, ల్యాబ్‌లు. సాయంత్రం ఆటలు. రాత్రి భోజనం తర్వాత చదువు. ఆర్జీయూకేటీకి మొదటి నుంచీ ఉన్న ప్రత్యేకత ల్యాప్‌టాప్ మీద చదువు. తొలి బ్యాచ్‌లకే ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పాఠాలు అందులోనే చదివించారు. ఇప్పుడు తమ బ్యాచ్‌కు ల్యాప్‌టాప్ ఎప్పుడిస్తారు, ఇస్తారా లేదా అన్నది క్యాంపస్‌లోనే కనుక్కోవాలి. ఇస్తారన్న నమ్మకంతో ఉండిపోవడం గానీ, అప్పు చేసి ముందే కొనేయడం గానీ తొందరపాటే.

హాస్టల్లో గది ఒక్కరికే ఉండదు. తోటి పిల్లలతో పంచుకోవాలి. కోస్తా, సీమ, ఉత్తరాంధ్ర పిల్లలు ఒకే గదిలో ఉంటారు. బాసరలో ఆదిలాబాద్ అబ్బాయి పక్కన ఖమ్మం అబ్బాయి. యాస వేరు, తిండి వేరు. మొదట్లో ఎగతాళి, తర్వాత అదే స్నేహం. బట్టలు ఉతుక్కోవడం, సామాన్లు జాగ్రత్త చేసుకోవడం, జ్వరమొస్తే క్యాంపస్ ఆస్పత్రికి వెళ్లి చూపించుకోవడం.. అన్నీ తామే చేసుకోవాలి. ఇంట్లో గ్లాసు కూడా కడగని పిల్లలకు వెళ్లే ముందు ఒక నెల ట్రైనింగ్ ఇస్తే తప్పులేదు.

పీయూసీ పిల్లలు మైనర్లు కాబట్టి బయటకు వెళ్లాలంటే అనుమతి కావాలి. తల్లిదండ్రులు లేదా ముందే పేరు నమోదు చేసినవాళ్లు వస్తేనే పంపిస్తారు. బాబాయో, మేనమామో వచ్చి తీసుకెళ్లాల్సిన అవసరం పడొచ్చు కాబట్టి, గార్డియన్ వివరాలు ఇచ్చేటప్పుడే ఆలోచించి రాయాలి. బీటెక్‌కు వచ్చేసరికి కొంత వెసులుబాటు ఉంటుంది.

మెస్, వసతులు: ఉన్నది ఉన్నట్టుగా

వేలమందికి ఒకేసారి వండే చోట ఇంటి రుచి ఆశించకూడదు. కానీ శుభ్రత మాత్రం అడిగి తీరాలి. ఈ విషయంలో ట్రిపుల్ ఐటీలకు చేదు అనుభవాలున్నాయి. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు 12 డిమాండ్లతో రోజుల తరబడి ఆందోళన చేశారు. రెగ్యులర్ వీసీ కావాలి, మెస్ బాగుపడాలి, వసతులు మెరుగుపడాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వానలోనూ గొడుగులు పట్టుకుని కూర్చున్న ఆ పిల్లల దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. చివరికి విద్యాశాఖ మంత్రి క్యాంపస్‌కు వెళ్లి మాట్లాడాకే ఆందోళన విరమించారు. మరుసటి నెలలోనే అక్కడ మెస్ భోజనం తిని పెద్ద సంఖ్యలో విద్యార్థులు అస్వస్థతకు గురయ్యారు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. అడ్మిషన్ రోజు హడావుడిలో సంతకాలు పెట్టి వెనక్కి రాకుండా, ఒక గంట ఆగి మెస్, బాత్‌రూమ్‌లు, తాగునీటి పాయింట్లు, ఆస్పత్రి కళ్లారా చూసుకోవాలి. అక్కడ చదువుతున్న సీనియర్లతో మాట్లాడాలి. ఆఫీసులో దొరకని సమాధానాలు వాళ్ల దగ్గర దొరుకుతాయి.

ఫీజు ఎంత?

ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం ఏపీ క్యాంపస్‌లలో పీయూసీకి ఏడాదికి రూ.45,000, బీటెక్‌కు ఏడాదికి రూ.50,000. బాసరలో పీయూసీకి ఏడాదికి రూ.37,000. ఇవి కాక రిజిస్ట్రేషన్, కాషన్ డిపాజిట్, ఆరోగ్య బీమా లాంటి చిన్న మొత్తాలుంటాయి. ఏపీ లెక్కన ఆరేళ్లకు కట్టాల్సింది సుమారు రూ.2.9 లక్షలు. అర్హత ఉన్న కుటుంబాలకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌లు వర్తిస్తే ఈ భారం తగ్గుతుంది. ఇతర రాష్ట్రాల వారికి, ఎన్నారై పిల్లలకు ఫీజు చాలా ఎక్కువ.

ఇక్కడ రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. ఒకటి, మెస్ చార్జీలు ఈ ఫీజులో కలిసి ఉన్నాయా, వేరేగా కట్టాలా? రెండు, ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ డబ్బు ముందు విద్యార్థే కట్టాలా? ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు ముందే తీసిపెట్టుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

ఎవరికి సరిపోతుంది? ఎవరు ఆలోచించుకోవాలి?

ఇంజినీరింగే చేయాలని ఉన్నవాళ్లకు, కార్పొరేట్ కాలేజీల ఫీజులు కట్టలేని కుటుంబాలకు ఇది మంచి అవకాశం. ఇంటర్ రెండేళ్లు ర్యాంకుల పరుగు తప్పుతుంది. ఒకే క్యాంపస్‌లో ఆరేళ్లు ఉండటంతో స్నేహాలు, పరిచయాలు గట్టిగా ఏర్పడతాయి. అమ్మాయిలను దూరం పంపి చదివించడానికి వెనకాడే ఊళ్లలో కూడా ట్రిపుల్ ఐటీ అంటే ఒప్పుకుంటున్నారు.

కానీ ఐఐటీయే లక్ష్యంగా ఉన్నవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పీయూసీ చదువు జేఈఈ కోచింగ్ కాదు. సొంతంగా ప్రిపేరయ్యే పట్టుదల ఉంటే తప్ప రెండూ నడపడం కష్టం. డాక్టర్ కావాలనుకునేవాళ్లకు ఇది దారి కాదు. వాళ్లు ఇంటర్ బైపీసీ వైపు వెళ్లడమే మేలు. త్వరగా ఉద్యోగంలో చేరాల్సిన ఇంటి పరిస్థితి ఉంటే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయడం ఇంకో మార్గం. తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం.. పిల్లల ఇష్టం. పదిహేనేళ్ల వయసులో 'నాకు మెకానిక్స్ అంటే ఇష్టం' అని అందరూ చెప్పలేరు. కనీసం 'నాకు లెక్కలంటే పడదు' అని చెప్పగలరు. ఆ మాట చెప్పినప్పుడు వినాలి. సీటొచ్చింది కదా అని పంపేస్తే ఆరేళ్లు మోసేది వాళ్లే.

ఒత్తిడి అనిపిస్తే..

ఇంటి మీద బెంగ, మార్కుల భయం, ర్యాగింగ్ భయం.. ఇవి కొత్త విద్యార్థులకు మామూలే. ర్యాగింగ్ చట్టరీత్యా నేరం. ఉమ్మడి ఏపీలో 1997 నుంచే దీనికి ప్రత్యేక చట్టం ఉంది. ఎవరైనా వేధిస్తే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కాల్ ఉచితం. ఈ రెండు నంబర్లు పిల్లల నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పంపాలి.

ఫోన్ చేసినప్పుడు 'మార్కులెన్ని?' అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. 'తిన్నావా? నిద్ర పడుతోందా? ఎవరితో కూర్చుంటున్నావు?' అని అడగాలి. సెలవులకు వచ్చిన పిల్లలు ముభావంగా ఉన్నా, తిరిగి వెళ్లనని మారాం చేసినా బద్ధకమని కొట్టిపారేయకూడదు. ఏదో చెప్పలేకపోతున్నారేమో కనుక్కోవాలి.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

- ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు ప్రతిదానికి స్కాన్ కాపీ, నాలుగైదు సెట్ల జిరాక్సులు.
- పది మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్, ఫొటోలు.
- బకెట్, మగ్గు, రెండు తాళాలు, దుప్పటి, దోమతెర, టార్చిలైటు.
- ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ, పదో తరగతి గణితం, సైన్స్ పుస్తకాలు.
- రోజూ వాడే మందులుంటే డాక్టర్ చీటీతో సహా.
- విద్యార్థి పేరు మీద బ్యాంకు ఖాతా. స్కాలర్‌షిప్‌లకు ఇది అవసరం పడుతుంది.

నోటిఫికేషన్ సాధారణంగా పది ఫలితాలు వచ్చిన కొద్దిరోజులకే వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజులు, సీట్లు, కోటాలు ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌నే ఫైనల్‌గా తీసుకోవాలి. దరఖాస్తులో క్యాంపస్‌ల ప్రాధాన్య క్రమం అడిగిన చోట నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకుండా, విద్యార్థి పక్కనే కూర్చుని చూసి పెట్టించుకోవాలి. ఆ క్రమాన్ని బట్టే ఆరేళ్లు ఎక్కడ ఉండాలన్నది తేలిపోతుంది.